గురుత్వాకర్షణ లెక్కలు మీరే చేయండి – మూడో పాఠం: దూరం పెరిగితే లాగుడు ఎంత తగ్గుతుంది?

పోయిన పాఠంలో ఇచ్చిన పని

దారానికి బరువు కట్టి లోలకం చేసి, అది ఊగే సమయాన్ని బట్టి గురుత్వ త్వరణం కనుక్కోమని పోయినసారి చెప్పాను. లోలకం పొడవు ఒక మీటరు ఉంటే ఇరవై ఊపులకు దాదాపు 40 సెకన్లు పట్టాలి. ఊపు అంటే వెళ్ళి తిరిగి మొదటి చోటికి రావడం. మీకు 40.1 సెకన్లు వచ్చిందనుకోండి. ఒక ఊపుకు 2.005 సెకన్లు. దాని వర్గం 4.02. మీటర్లలో పొడవును 39.48తో గుణించి (π వర్గానికి నాలుగు రెట్లు అది, π అంటే 3.1416) 4.02తో భాగిస్తే 9.82 వస్తుంది. అంటే కిందికి వదిలిన వస్తువు వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 9.82 మీటర్ల చొప్పున పెరుగుతుందన్నమాట. పొట్టిగా 9.82 మీ/సె² అని రాస్తాం.

9.6కూ 10కీ మధ్య ఏది వచ్చినా పని బాగా చేసినట్టే. 9.4 దగ్గర ఆగిపోతే దారం పొడవు మళ్ళీ కొలవండి. చాలామంది ముడి దాకా కొలిచి ఊరుకుంటారు. కొలవాల్సింది పైన దారం కదలకుండా ఉన్న చోటు నుంచి కిందున్న బరువు మధ్యభాగం వరకు. నాలుగు సెంటీమీటర్లు తక్కువ కొలిస్తే జవాబు కూడా నాలుగు శాతం తగ్గిపోతుంది. ఇంకొకటి, మరీ దూరం లాగి వదలడం. నిలువు నుంచి 30 డిగ్రీల దాకా లాగి వదిలితే ఊపు సమయం దాదాపు 1.7 శాతం పెరుగుతుంది. సమయాన్ని వర్గం చేస్తాం కాబట్టి జవాబులో ఆ తేడా రెట్టింపవుతుంది. ఐదారు డిగ్రీలు చాలు.

ఒకే ఒక్క ఊపుకు స్టాప్‌వాచ్ నొక్కి లెక్క కట్టిన వాళ్ళకు 8 రావచ్చు, 12 రావచ్చు. వేలు నొక్కడంలో 0.2 సెకన్ల తేడా ఎవరికైనా వస్తుంది. రెండు సెకన్లలో అది పది శాతం, నలభై సెకన్లలో అర శాతం. ఇరవై ఊపులు లెక్కపెట్టమన్నది అందుకే.

ఈ దారం, ఈ బరువు చిన్నపిల్లల ఆటలా కనిపిస్తాయి గానీ, భూమి ఆకారం గురించి మొదటి గట్టి ఆధారం దొరికింది లోలకంతోనే. 1672లో రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పారిస్ నుంచి లోలకం గడియారాన్ని దక్షిణ అమెరికాలో, భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కయెన్‌కు తీసుకెళ్ళాడు. అక్కడ అది రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. గడియారం పాడవలేదు. అక్కడ లాగుడే కొంచెం తక్కువ. ధ్రువాల దగ్గర 9.83, భూమధ్యరేఖ దగ్గర 9.78. భూమి తిరుగుతుండటం ఒక కారణం. తిరగడం వల్ల నడుము దగ్గర ఉబ్బి, అక్కడి నేల కేంద్రానికి ధ్రువాలకన్నా 21 కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉండటం రెండో కారణం. ఈ రెండో కారణమే ఈ పాఠానికి విషయం: దూరం.

నియమం, అందులో జనం తప్పు చేసే చోటు

ఏ రెండు వస్తువులైనా ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఆ లాగుడు వాటి ద్రవ్యరాశుల లబ్ధాన్ని బట్టి పెరుగుతుంది, వాటి మధ్య దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది. 1687లో అచ్చయిన ప్రిన్సిపియా అనే పుస్తకంలో న్యూటన్ ఈ నియమాన్ని నిలబెట్టాడు. దూరం రెట్టింపైతే లాగుడు నాలుగో వంతు. మూడు రెట్లయితే తొమ్మిదో వంతు. పది రెట్లయితే నూరో వంతు.

వర్గమే ఎందుకు? చిన్న దీపం వెలుగును తీసుకోండి. ఒక మీటరు దూరంలో ఆ వెలుగంతా ఒక మీటరు వ్యాసార్ధం గల గోళం మీద పరుచుకుంటుంది. రెండు మీటర్ల దూరంలో అదే వెలుగు నాలుగు రెట్ల వైశాల్యం మీద పరుచుకోవాలి, కాబట్టి ఒక్కోచోట పడే వాటా నాలుగో వంతు. గురుత్వాకర్షణ కూడా అన్ని దిక్కులకూ సమానంగా పరుచుకుంటుందని ఊహించుకుంటే వర్గం గుర్తుండిపోతుంది. ఇది రుజువు కాదు, జ్ఞాపకానికి పట్టు అంతే.

తప్పు జరిగేది "దూరం" దగ్గర. దూరాన్ని కేంద్రం నుంచి కేంద్రానికి కొలవాలి, ఉపరితలం నుంచి కాదు. నేల మీద నిలబడ్డ మనిషికీ భూమికీ మధ్య దూరం సున్నా అనుకుంటే లెక్క మొదట్లోనే కుప్పకూలుతుంది. ఆ మనిషి భూమి కేంద్రానికి 6,371 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. గోళాకారంలో ఉన్న వస్తువు, తన ద్రవ్యరాశి అంతా కేంద్రంలో ఒక చుక్కగా పోగుపడినట్టే బయటి వస్తువులను లాగుతుంది. చూడ్డానికి ఇంత తేలిగ్గా ఉన్న ఈ మాటను న్యూటన్ లెక్కతో రుజువు చేసి చూపించాల్సి వచ్చింది. అది లేకపోతే భూమిలోని ప్రతి రాయి లాగుడునూ విడివిడిగా కూడుకోవాలి.

ఈ సౌకర్యం బయట ఉన్నంతవరకే. భూమి లోపలికి తవ్వుకుంటూ పోతే నియమాన్ని ఇలా వాడకూడదు. కేంద్రానికి చేరేసరికి అన్ని వైపుల లాగుళ్ళూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని మొత్తం సున్నా అవుతుంది. చాలామంది ఊహించుకునేది దీనికి సరిగ్గా తలకిందులు.

మొదటి మెట్టు: భూమి వ్యాసార్ధాన్ని 1 అనుకోండి

సూత్రంలో పెద్ద పెద్ద అంకెలు కుక్కి కాలిక్యులేటర్ నొక్కితే జవాబు వస్తుంది, అవగాహన రాదు. పదకొండు సున్నాల్లో ఒకటి జారిపోయినా తెలియదు. అందుకే ఈ పాఠాల్లో నిష్పత్తి పద్ధతినే పట్టుకుందాం. భూమి వ్యాసార్ధం ఒక కొలకర్ర. నేల మీద దూరం 1, లాగుడు 9.8. ఎక్కడికి వెళ్ళినా, ఆ చోటు కేంద్రం నుంచి ఎన్ని కొలకర్రల దూరమో చూసి, ఆ అంకెను వర్గం చేసి 9.8ని భాగిస్తే సరి.

నేల నుంచి 6,371 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తే దూరం 2. లాగుడు 9.8 ÷ 4 = 2.45. మూడు కొలకర్రల దగ్గర 1.09. పది దగ్గర 0.098. దూరం ఎంత పెంచినా ఈ అంకె చిక్కిపోతుందే తప్ప సున్నా కాదు. "ఇక్కడితో గురుత్వాకర్షణ అయిపోయింది" అని గీత గీసే చోటు ఎక్కడా లేదు.

ఇప్పుడు అందరికీ తెలిసిన బొమ్మ దగ్గరకు వద్దాం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు గాల్లో తేలుతూ, నీటిబొట్టును నోటితో పట్టుకుంటూ కనిపిస్తారు. అక్కడ గురుత్వాకర్షణ లేదు కాబట్టి తేలుతున్నారని చాలామంది చెబుతారు. లెక్క వేయండి. ఆ కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. భూమి కేంద్రం నుంచి దాని దూరం 6,771 కిలోమీటర్లు, అంటే 1.063 కొలకర్రలు. వర్గం 1.13. లాగుడు 9.8 ÷ 1.13, సుమారు 8.7. నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 89 శాతం అక్కడా ఉంది! అరవై కిలోల మనిషిని అక్కడ ఒక నిలువు స్తంభం చివర కదలకుండా నిలబెట్టి తూకం వేస్తే 53 కిలోల పైనే చూపిస్తుంది.

మరి తేలడం ఎందుకు? మనిషి, అంతరిక్ష కేంద్రం, నీటిబొట్టు అన్నీ కలిసి ఒకే త్వరణంతో పడిపోతున్నాయి కాబట్టి. తూకం యంత్రం చూపించేది మీ పాదాలు దాన్ని ఎంత నొక్కుతున్నాయన్నదే. యంత్రమూ మీరూ ఒకే తీరున పడిపోతుంటే నొక్కడానికేమీ ఉండదు, ముల్లు సున్నా దగ్గర నిలుస్తుంది. పడిపోవడంలో బరువైనదీ తేలికైనదీ అన్న తేడా లేదు. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తినీ, ఇంకో చేత్తో డేగ ఈకనూ ఒకేసారి వదిలాడు. గాలి లేని చోటు కదా, రెండూ కలిసే నేలను తాకాయి.

పడిపోతూనే ఉండి నేలను తాకకపోవడం

ఈ పాఠం మొత్తంలో ఎక్కువసేపు కూర్చోవాల్సింది ఇక్కడే. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

నేల మీద వదిలిన రాయి మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. 9.8లో సగం అది. రాయిని అడ్డంగా విసిరినా కిందికి పడేది అంతే. అడ్డం వేగం అడ్డానిదే, పడటం పడటానిదే. మరోపక్క భూమి గుండ్రం. తిన్నగా పోయే గీత కింద నేల నెమ్మదిగా ఒంగుతూ పోతుంది. ఎంత ఒంగుతుందో కనుక్కోవడానికి చిన్న సూత్రం ఉంది: పోయిన దూరాన్ని వర్గం చేసి, వృత్తం వ్యాసంతో భాగించండి. వృత్తంతో పోలిస్తే పోయిన దూరం చిన్నదైనప్పుడు ఇది బాగా సరిపోతుంది.

భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు. 7.9 కిలోమీటర్లు తిన్నగా పోతే నేల ఎంత ఒంగుతుంది? 7.9 వర్గం 62.41. దాన్ని 12,742తో భాగిస్తే 0.0049 కిలోమీటర్లు. అంటే 4.9 మీటర్లు.

రెండు 4.9లూ ఒకటే. సెకనుకు 7.9 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోయే వస్తువు ఒక సెకనులో ఎంత పడుతుందో, దాని కింద నేల కూడా అంతే ఒంగుతుంది. నేలకూ దానికీ మధ్య ఎడం మారదు. తర్వాతి సెకనులోనూ అదే కథ. గాలి, కొండలు అడ్డు రాకపోతే అది పడుతూ పడుతూ భూమి చుట్టూ తిరుగుతుంది. కక్ష్య అంటే ఇదే. రాకెట్టు చేసే పనిలో పెద్ద భాగం ఎత్తుకు తీసుకెళ్ళడం కాదు, ఈ అడ్డం వేగం ఇవ్వడం. ఎత్తుకు వెళ్ళడం ముఖ్యంగా గాలిని తప్పించుకోవడానికి.

ఇదే లెక్కను వెనక నుంచి ముందుకు చేస్తే అంతరిక్ష కేంద్రం వేగం తెలుస్తుంది. అక్కడ లాగుడు 8.68, కాబట్టి సెకనుకు పడే దూరం 4.34 మీటర్లు, అంటే 0.00434 కిలోమీటర్లు. కక్ష్య వ్యాసం 13,542 కిలోమీటర్లు. రెండింటినీ గుణిస్తే 58.8. వర్గమూలం తీస్తే సుమారు 7.67. సెకనుకు 7.67 కిలోమీటర్లు! కక్ష్య చుట్టుకొలత 42,540 కిలోమీటర్లు. భాగిస్తే ఒక చుట్టుకు 5,550 సెకన్లు, అంటే తొంభై రెండున్నర నిమిషాలు. నిజంగా ఆ కేంద్రం ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం కూడా అంతే. వాడిందల్లా లోలకంతో మీరు కొలిచిన అంకె, భూమి సైజు. ఈ ఒక్క లెక్క చేతితో చేసి చూసుకుంటే, ఉపగ్రహం కింద పడకుండా ఎలా ఉంటుందని ఇంకెవరినీ అడగక్కర్లేదు.

చంద్రుడు పడుతున్నాడా?

పడుతున్నాడు. న్యూటన్ తన నియమాన్ని పరీక్షకు పెట్టింది చంద్రుడి మీదే. అంతకుముందు దాకా నేల మీద రాయి పడటం వేరు, ఆకాశంలో గోళాలు తిరగడం వేరు అన్న నమ్మకం గట్టిగా ఉండేది. రెండింటికీ ఒకే నియమం సరిపోతుందని చూపించాలంటే అంకెలు కలవాలి.

చంద్రుడు 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మన కొలకర్రతో సుమారు 60. వర్గం 3,600. కాబట్టి అక్కడ లాగుడు నేల మీద ఉన్నదాంట్లో 3,600వ వంతు ఉండాలి. రాయి సెకనులో 4.9 మీటర్లు పడితే చంద్రుడు సెకనులో పడేది దాంట్లో 3,600వ వంతు, సుమారు 1.36 మిల్లీమీటర్లు. మరీ చిన్న అంకె. అందుకని ఒక నిమిషం తీసుకుందాం. పడే దూరం సమయం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అరవై సెకన్లకు 3,600 రెట్లు. ఇక్కడి 3,600 అక్కడి 3,600తో కొట్టుకుపోతుంది. రాయి ఒక సెకనులో పడే దూరాన్ని చంద్రుడు ఒక నిమిషంలో పడాలి. 4.9 మీటర్లు. దూరం దాదాపు 60 కొలకర్రలు కావడం, నిమిషానికి 60 సెకన్లు ఉండటం కేవలం యాదృచ్ఛికం, కానీ లెక్క చేసేవాడికి ఎంత కలిసొచ్చిందో చూడండి.

ఇది నియమం చెప్పే మాట. ఇక చంద్రుడు నిజంగా ఏం చేస్తున్నాడు? ఒక చుట్టుకు 27.3 రోజులు, అంటే సుమారు 23,58,700 సెకన్లు. కక్ష్య చుట్టుకొలత 24,15,000 కిలోమీటర్లు. వేగం సెకనుకు 1.024 కిలోమీటర్లు. నిమిషంలో 61.4 కిలోమీటర్లు. ఇందాకటి సూత్రమే వాడండి: 61.4 వర్గం 3,770. కక్ష్య వ్యాసం 7,68,800. భాగిస్తే 0.0049 కిలోమీటర్లు.

4.9 మీటర్లు.

రాయితో మొదలుపెట్టి ఒక దారిలో, క్యాలెండరుతో మొదలుపెట్టి ఇంకో దారిలో వచ్చాం. రెండూ ఒకేచోట కలిశాయి. న్యూటన్ 1660లలో మొదట ఈ లెక్క వేసినప్పుడు ఆయన దగ్గరున్న భూమి సైజు సరైంది కాదు, అందుకని అంకెలు అంత బాగా కలవలేదు. తర్వాత మెరుగైన కొలతలు దొరికాయి. ప్రిన్సిపియాలో ఈ నిమిషం లెక్కనే, అప్పటి పారిస్ అడుగుల్లో, పదిహేను అడుగుల పైచిలుకుగా చూపించాడు. నా మటుకు నాకు భౌతికశాస్త్రంలో ఇంతకన్నా అందమైన లెక్క కనిపించలేదు. దీనికి పదో తరగతి గణితం సరిపోతుంది కూడా.

రెండో మెట్టు: వేరే గోళం మీద నిలబడితే

ఇప్పటిదాకా లాగేది భూమే, దూరం మాత్రం మారింది. గోళం కూడా మారితే రెండు నిష్పత్తులు కావాలి. ద్రవ్యరాశి భూమికి ఎన్ని రెట్లో చూసి, వ్యాసార్ధం ఎన్ని రెట్లో దాని వర్గంతో భాగించాలి.

చంద్రుడి ద్రవ్యరాశి భూమిలో 81వ వంతు. ఇంతే చూస్తే అక్కడ బరువు 81వ వంతే ఉండాలి. కానీ చంద్రుడు చిన్నవాడు, వ్యాసార్ధం 0.273. అంటే మీరు కేంద్రానికి చాలా దగ్గరగా నిలబడతారు. 0.273 వర్గం 0.0745. 1/81 అంటే 0.0123. భాగిస్తే 0.166, ఆరో వంతు. పుస్తకాల్లో కనిపించే "చంద్రుడి మీద ఆరో వంతు" వచ్చింది ఇక్కడి నుంచే. అంగారకుడికి ద్రవ్యరాశి 0.107, వ్యాసార్ధం 0.532, జవాబు 0.38.

శని మాత్రం వింతగా ఉంటుంది. ద్రవ్యరాశి భూమికి 95 రెట్లు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 9.45 రెట్లు. వర్గం 89.3. భాగిస్తే 1.06. ఇంత మహా గ్రహం పై మబ్బుల దగ్గర లాగుడు భూమి మీదకన్నా ఆరు శాతమే ఎక్కువ! శని సగటు సాంద్రత నీటికన్నా తక్కువ, దాని పదార్థం అంతా అంత దూరానికి పరుచుకుని ఉంది. పెద్ద గ్రహమంటే లాగుడూ పెద్దదే అనుకునేవాళ్ళకు ఈ ఒక్క లెక్క చాలు.

చిన్న ఎత్తులకు ఒక షార్ట్‌కట్ కూడా చెబుతాను. కొండ, విమానం లాంటి వాటికి పూర్తి వర్గం అక్కర్లేదు. ఎత్తును రెట్టింపు చేసి 6,371తో భాగిస్తే లాగుడు ఎంత వంతు తగ్గిందో వస్తుంది. ఎవరెస్టు ఎత్తు 8.85 కిలోమీటర్లు. 17.7 ÷ 6,371 అంటే 0.28 శాతం. శిఖరం కింద ఉన్న రాతి లాగుడును ఇందులో కలపలేదు కాబట్టి ఇది ఉజ్జాయింపే.

ఇద్దరు మనుషుల మధ్య

అన్నీ అన్నిటినీ లాక్కుంటే, పక్కన కూర్చున్న మనిషి మనల్ని లాగుతున్నట్టు ఎందుకు తెలియదు? ఈ ప్రశ్నకు నిష్పత్తి చాలదు, అసలు స్థిరాంకం కావాలి. గురుత్వ స్థిరాంకం 6.674 × 10⁻¹¹. అంటే కిలో ద్రవ్యరాశి ఉన్న రెండు గోళాల కేంద్రాల మధ్య ఒక మీటరు దూరం ఉంటే, వాటి మధ్య లాగుడు ఇన్ని న్యూటన్లు (బలాన్ని కొలిచే ప్రమాణం పేరు న్యూటన్). అరవై కిలోల ఇద్దరు మనుషులు మీటరు దూరంలో ఉంటే లాగుడు 3,600 రెట్లు, అంటే 0.00000024 న్యూటన్లు. మనుషులు గోళాలు కారు కాబట్టి ఇది స్థూలంగా చెప్పే లెక్కే. తూకంలో చెప్పాలంటే గ్రాములో లక్ష వంతుల్లో రెండున్నర వంతులు. కుర్చీకీ నేలకూ మధ్య రాపిడి దీనికన్నా కోట్ల రెట్లు ఎక్కువ.

ఇంత చిన్న లాగుడును 1797–98లో ఇంగ్లండులో హెన్రీ కేవెండిష్ కొలిచాడు. పరికరం ఆలోచన జాన్ మిచెల్‌ది, ప్రయోగం చేయకుండానే ఆయన చనిపోయాడు. ఒక సన్నని తీగకు అడ్డంగా కర్ర వేలాడదీసి, రెండు చివరలా 0.73 కిలోల సీసపు గుండ్లు కట్టారు. వాటి పక్కకు 158 కిలోల పెద్ద సీసపు గుండ్లు తెచ్చిపెడితే కర్ర కొంచెం తిరుగుతుంది, తీగ మెలిపడుతుంది. ఎంత మెలిపడిందో చూస్తే లాగుడు తెలుస్తుంది. గదిలో మనిషి ఉంటే ఒంటి వేడికి గాలి కదిలి కర్ర ఊగిపోతుందని, కేవెండిష్ గది బయట నిలబడి గోడలో అమర్చిన టెలిస్కోపు గుండా చూసేవాడు.

ఆయన చెప్పిన జవాబు భూమి సగటు సాంద్రత: నీటికి 5.48 రెట్లు. ఇప్పటి విలువ 5.51. అంటే ఒక గదిలో నాలుగు సీసపు గుండ్లతో భూమిని తూచేశాడు. మీరూ తూచవచ్చు. 9.8ని, మీటర్లలో భూమి వ్యాసార్ధం వర్గంతో గుణించి, గురుత్వ స్థిరాంకంతో భాగించండి. 5.96 × 10²⁴ కిలోలు వస్తుంది. అందులోని 9.8 అన్న అంకె వచ్చింది మీ లోలకం నుంచే.

ఇంకొక మాట. లాగుడు ఎప్పుడూ ఇద్దరిదీ. రెండు వందల గ్రాముల రాయిని భూమి రెండు న్యూటన్ల బలంతో లాగితే, రాయి కూడా భూమిని అదే రెండు న్యూటన్లతో లాగుతుంది. బలం సమానం, కదలిక సమానం కాదు. చంద్రుడంత పెద్దది లాగితే మాత్రం భూమి కదలిక లెక్కలోకి వస్తుంది. నిజానికి చంద్రుడు భూమి కేంద్రం చుట్టూ తిరగడు. రెండూ కలిసి ఒక ఉమ్మడి బిందువు చుట్టూ తిరుగుతాయి. అది భూమి కేంద్రం నుంచి సుమారు 4,670 కిలోమీటర్ల దూరంలో, భూమి లోపలే ఉంది.

ఈ నియమాన్ని ఎంతవరకు నమ్మొచ్చు

రోజువారీ లెక్కలకు, ఉపగ్రహాలకు, గ్రహాలకు బాగా సరిపోతుంది. 1846లో యురేనస్ కక్ష్యలో తేడాను పట్టుకుని, కనిపించని గ్రహం ఎక్కడుండాలో ఫ్రెంచి గణితవేత్త లెవెరియే ఈ నియమంతోనే లెక్క కట్టాడు. బెర్లిన్‌లో గాలే అనే ఖగోళ శాస్త్రవేత్త ఆ దిక్కుకు టెలిస్కోపు తిప్పితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపలే నెప్ట్యూన్ దొరికింది. కానీ బుధుడి కక్ష్యలో నూరేళ్ళకు 43 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) తేడా మిగిలిపోయింది. దానికి సమాధానం 1915లో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతంతో వచ్చింది. జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు నేల మీది వాటికన్నా రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, దాన్ని సరిచేయడానికి కూడా ఆ సిద్ధాంతమే కావాలి. మన పాఠాలకు న్యూటన్ చాలు.

వచ్చే పాఠానికి పని

ఒకటి. నేల నుంచి ఎంత ఎత్తుకు వెళ్తే లాగుడు సగమవుతుంది? 6,371 అని రాస్తే తప్పు. జవాబు 2,640కి దగ్గరగా రావాలి.

రెండు. గురుగ్రహం ద్రవ్యరాశి భూమికి 318 రెట్లు, భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 11.2 రెట్లు. పై మబ్బుల దగ్గర లాగుడు ఎన్ని రెట్లు?

మూడు. టీవీ ప్రసారాలకు వాడే ఉపగ్రహాలు భూమి కేంద్రం నుంచి 42,164 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. అక్కడి లాగుడు, దాన్నిబట్టి వేగం, ఒక చుట్టుకు పట్టే సమయం కట్టండి. చివరి అంకె గంటల్లోకి మార్చగానే సరైందో కాదో మీకే తెలిసిపోతుంది.

నాలుగోది కాస్త తీరిగ్గా చేయండి. సూర్యుడి ద్రవ్యరాశి భూమికి 3,33,000 రెట్లు. చంద్రుడికి సూర్యుడు సుమారు 23,500 కొలకర్రల దూరంలో ఉన్నాడు. చంద్రుడి దగ్గర సూర్యుడి లాగుడు కట్టి, అక్కడే భూమి లాగుడు 0.0027తో పోల్చండి. సూర్యుడిదే రెండు రెట్లకు పైగా ఎక్కువ వస్తుంది. తప్పు చేశామేమోనని లెక్క కొట్టేయకండి, అది సరైనదే. మరి చంద్రుడు మనల్ని వదిలి సూర్యుడి వెంట ఎందుకు పోలేదు? ముందు భూమి మీద సూర్యుడి లాగుడు ఎంతో కూడా కట్టి, రెండింటినీ పక్కపక్కన రాసుకోండి. వచ్చే పాఠం ఆ రెండు అంకెల మధ్య ఉన్న చిన్న తేడాతో మొదలవుతుంది, సముద్రంలో ఆటుపోట్ల దాకా వెళ్తుంది.